నేను తగ్గించిన ఆరు రోజులు

తిరుపతిలో డాక్టరుతో బేరమాడి గెలిచిన మనిషిని నేను. పది రోజుల ఆసుపత్రి మంచాన్ని నాలుగు రోజులకు దించాను. నోరు పెద్దది చేయలేదు, కంట తడి పెట్టలేదు, ఎవరి సిఫారసూ తేలేదు. ఎడమ కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని, పడుకున్నచోటు నుంచే, ఆయన చూపించిన పది వేళ్లలో ఆరింటిని మడిపించాను. ఇంటికి పోయేటప్పుడు రిక్షా అతని దగ్గర కూడా అర్ధరూపాయి తగ్గించి, మా ఆయన వైపు చూశాను, చూసినారా నా పనితనం అన్నట్టు.

ఆ బేరానికి నా ఎడమ రొమ్ములో అరచేయంత మాంసం పోయింది.

కోపం తగ్గాక రాద్దామని ఏడాది కాచుకున్నాను. తగ్గేటట్టు లేదు, అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

మా నాయనది చిత్తూరులో బెల్లం మండీ. మండీలో రేటు నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. చూసేవాళ్లకు ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనపడవు. నేను పదకొండేళ్లు వచ్చేదాకా గోనెసంచుల మీద కూర్చుని ఆ మొహాలు చూశాను. నాయన నాకు నేర్పింది ఒకటే: ఎవడైనా రేటు చెబితే, అందులో తగ్గించడానికి కొంత కలిపే చెబుతాడు, ఆ కొంత ఎంతో కనుక్కో. పెళ్లయి తిరుపతికి వచ్చాక మా స్టీలు పాత్రల అంగడిలో ఆ చదువంతా పనికొచ్చింది. మా ఆయన మెత్తని మనిషి. ధర ఆయనే చెప్పి, ఎదుటివాళ్లు నోరు తెరవకముందే ఆయనే తగ్గిస్తాడు. కొండ దిగి గుండ్లకు గంధం పూసుకుని వచ్చే యాత్రికులతో గంటల తరబడి వాదించేది నేనే.

ఎనభై మూడు ఎండాకాలంలో నాకు గర్భసంచి తీసేశారు. ఆ గాయం బాగానే మానింది. ఇంటికొచ్చిన పదిరోజులకు ఎడమ పిక్క అరటిబోదెలాగా వాచింది. నేల మీద కాలు ఆనిస్తే ప్రాణం పోయేది. మా అత్త ఆముదం కాచి రెండు రోజులు రుద్దింది. మూడోరోజు మా ఆయన నన్ను ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకుపోయాడు. దాని పేరు రాయను. రాస్తే నా కోపం చల్లారదు, వాళ్లకు పేరు వస్తుంది.

వరండాలో ఒకే బల్ల, ఒకే ఫ్యాను, ఆ ఫ్యాను కింద పదిహేను మంది. చంకలో వాంతులు చేసుకుంటున్న బిడ్డతో ఒకామె బల్ల చివర కూర్చుని ఉంది. నా కాలు చూసి, ఏమీ అడగకుండా లేచి, "చాపుకోమ్మా" అని గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె వంతు వచ్చేదాకా అట్లాగే నిలబడింది. ఆ రోజు నాకు బేరం లేకుండా దొరికింది అదొక్కటే.

డాక్టరు కాలు నొక్కి చూసి, నూనె రుద్దినందుకు మా అత్తను తిట్టాడు. కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందనీ, ఆ గడ్డ తెగి ఊపిరితిత్తులకు ఎక్కితే మాట్లాడుతూ మాట్లాడుతూనే పోతాననీ చెప్పాడు. రక్తాన్ని పలచన చేసే సూది ఆరు గంటలకొకసారి వేయాలి. ఆయన రెండు చేతులూ ఎత్తి వేళ్లన్నీ చూపించాడు.

"పది రోజులమ్మా. అయిదో రోజు నుంచి మాత్రలు మొదలుపెట్టి, సూదీ మాత్రా రెండూ కలిపి ఇస్తాము. ఆ తరువాత మాత్ర ఒక్కటే. ఇంటికి పోవచ్చు."

మొదటి మూడు రోజులు నేను భయపడ్డాను కాబట్టి బుద్ధిగా ఉన్నాను. సూదులు వేసేది ఎస్తేరు అనే నర్సు. ముప్పై ఏళ్లుంటాయి, మాట నిదానం, చెయ్యి అంతకంటే నిదానం. మాది పాత్రల అంగడి అని తెలిసి, నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ కావాలంది.

"నాలుగు రూపాయలు తగ్గించక్కా. మా ఆయనకు మిల్లుకు కట్టియ్యాల," అంది.

"నాలుగు రూపాయలు తగ్గిస్తే నాకు మూత కూడా మిగలదు సిస్టరూ," అన్నాను. నా చేతిలో సూది దింపుతున్న మనిషికి ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. ఆమె నవ్వి, దూది అద్ది వెళ్లింది.

నాలుగో రోజు, గురువారం, భయం తగ్గింది. తగ్గగానే అంగడి గుర్తుకొచ్చింది. అవి పెళ్లిళ్ల రోజులు. పెళ్లి సామాను కొనడానికి పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వస్తారు. మా ఆయన ఒక్కడే గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉచితంగా పంచిపెడుతూ ఉంటాడని నాకు మంచం మీద నిద్ర పట్టలేదు. డాక్టరు చూడ్డానికి వచ్చినప్పుడు మొదలుపెట్టాను.

"సూదీ మాత్రా రెండూ ఎందుకు సార్? ఒక పనికి ఇద్దరు కూలీలా?"

ఆయన నవ్వాడు. మండీలో నవ్వినవాడు దిగుతాడు. అది నాకు తెలుసు.

"మాత్ర పనిలోకి దిగేదానికి టైము పడుతుందమ్మా."

"అయితే ఈ పొద్దే ఇయ్యండి. రవంత జాస్తిగానే ఇయ్యండి, బిన్నా, తొందరగా పని చేస్తాది. సూదులు నిలిపేస్తే నేను ఇంటికి పోతా."

"ఎనిమిది రోజులన్నా ఉండు."

"మూడయిపోయినాయి కదా సార్."

"ఆరు."

"నాలుగు. ఈ పొద్దుతో నాలుగు. బయట మంచం కోసం కాచుకోని ఉండారు, వాళ్లకీయండి."

ఆ చివరిమాట పనిచేసింది. ఆయన వరండా వైపు చూశాడు. చీటీ మీద ఏదో కొట్టేసి, ఇంకేదో రాశాడు. పక్కనే ట్రే పట్టుకుని నిలబడిన ఎస్తేరు మెల్లగా అంది.

"సార్, సూది ఇప్పుడే ఆపితే..."

"చెప్పింది చెయ్యి సిస్టర్."

అంతే. నేను గెలిచాను. నేను తగ్గించిన రోజులను ఆయన మాత్రల్లో సరిచేశాడని నాకు తెలియదు. మొదటి మూడు రోజులూ పెద్ద మోతాదు, ఆ తరువాత చిన్నది. రేటు తగ్గించి తూకంలో సరిచేసే వ్యాపారులను నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఒక మైలు దూరం నుంచే పసిగడతాను. తెల్లకోటు వేసుకున్నవాడిని మాత్రం పసిగట్టలేకపోయాను.

ఆదివారం ఉదయం ఎడమ రొమ్ములో మంట మొదలైంది. ఉడుకునీళ్లు పోసినట్టు. రవికె తగిలితే ఓర్చుకోలేను. చూసుకుంటే ఒక పక్క ఎర్రగా, గట్టిగా ఉంది. కాలయితే వీధిలో పోయేవాడికైనా చూపించి ఉండేదాన్ని. ఇది అక్కడ. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన "వంగి నడస్తా ఉండావేం రత్నా?" అని అడిగితే, వాయువు పట్టింది అన్నాను. మాత్రలు మాత్రం వేళ తప్పకుండా మింగాను. అగ్గువకు కుదిరిన సరుకు కదా, ఒక్కటీ పారేయలేదు.

సోమవారం నీళ్లు పోసుకునేటప్పుడు మా అత్త చూసింది. అప్పటికి ఎరుపు నేరేడుపండు రంగుకు తిరిగింది, అంచుల్లో పొక్కులు.

"అక్కి మే ఇది. ఆపరేషను వేడి. దాచిపెట్టుకుంటావా, బుద్ధి ఉండాదా నీకు," అని తిట్టి, కుమ్మరామెకు కబురు పెట్టింది.

తెలియనివాళ్లకు చెబుతాను. ఒంటి మీద మంటతో పొక్కులు లేస్తే మా వైపు అక్కి అంటారు. దానికి కుమ్మరివాళ్లను పిలిచి, ఎర్రమన్ను అరగదీసి, పొక్కుల మీద సింహం బొమ్మ రాయిస్తారు. కుమ్మరామె వచ్చింది, ముసలామె. నేను ఆ మంటలో కూడా ఊరుకోలేదు. ఒక సింహం కూలికి రెండు సింహాలు రాయమన్నాను. ఆమె రాసింది. రాసి, చాలాసేపు చూసింది.

"అమ్మా, నా చేత్తో శానా అక్కులు రాసినా. ఇది అక్కి మాదిరి లేదు. ఆసుపత్రోళ్లకు సూపించండి."

మరుసటి రోజు మళ్లీ కబురు పెడితే రాలేదు. నాది కాదు ఆ పని అని చెప్పి పంపింది. కూలీ తీసుకోలేదు. అయినా మా అత్త మిగిలిన ఎర్రమన్ను తానే కలిపి మందంగా పూసింది. పైన ఎర్రగా, చల్లగా ఉంది. కింద ఏ రంగు తిరుగుతున్నదో ఎవరికీ కనపడలేదు, నాకు కూడా.

బుధవారం ఉదయం ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. డ్యూటీ దిగి, టిఫిన్ క్యారియర్ కోసం. కింద అంగడిలో మా ఆయన నాలుగు రూపాయలు తగ్గిస్తానన్నాడట. ఆమె తీసుకోలేదు. అక్క చెప్పిన ధరే ఇస్తాను, లేకపోతే అక్కకు కోపం వస్తాది అని పూర్తి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, నన్ను చూడ్డానికి మేడ మీదికి వచ్చింది. నేను గోడకు తిరిగి పడుకుని ఉన్నాను.

"కాలు ఎట్లుండాదక్కా?"

"కాలు బాగుండాది సిస్టరూ."

"మరి ఈ మూలుగేంది?"

మా అత్త చెప్పింది, అక్కి లేచింది, రాయించినాము అని. ఎస్తేరు ఏ చోట అని అడిగింది. తలుపు గడియ పెట్టింది. గిన్నెలో నీళ్లు తెమ్మని, గుడ్డ తడిపి, ఎర్రమన్ను కొంచెం కొంచెంగా తుడిచింది. నేను ఆమె మొహం చూస్తున్నాను. మొహాలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ మొహం చూశాక కిందికి చూసుకున్నాను. మన్ను పోయినచోట చర్మం బొగ్గులాగా ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"ఆదివారం నుంచి."

"ఆదివారం నుంచి నోరు మూసుకోని ఉండావా అక్కా? నాలుగు రూపాయలకు గంటసేపు మాట్లాడిన నోరు."

ఆమె మాత్రల సీసా తీసి తన సంచిలో వేసుకుంది. "డాక్టరు చూసేదాకా ఇంకొకటి మింగొద్దు. మా నర్సింగ్ హోముకు పోవద్దు. ఈ నిమిషమే కారు మాట్లాడుకోని వేలూరు పొండి. ఈ సీసా అన్నకిస్తా, ఆడ చూపించండి. సూదులు ఏ రోజు నిలిపినారో, మాత్రలు ఎన్ని ఇచ్చినారో, కాగితం మింద రాసిస్తా."

"నీ ఉద్యోగం?" అంది మా అత్త.

"ముందు ఈమెను లేపండమ్మా," అంది ఎస్తేరు.

అంబాసిడర్ కారు. మా ఆయన డ్రైవరు చెప్పిన రేటుకు తలూపాడు. నేను నోరు తెరిచాను.

"గమ్మునుండు," అన్నాడు.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. చిత్తూరు దాటినాక, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"నా కాడ కూడా దాచిపెట్టినావు. నేను ఎవురో మొగోణ్ణి అయినట్టు."

కాలి గడ్డ భయం, రొమ్ము మంట, వీటన్నిటికంటే ఆ మాట నన్ను ఎక్కువ కోసింది. అయినా ఆయన మీద కూడా కోపమే వచ్చింది. అన్నీ మెత్తగా వదిలేసే మనిషి, నన్ను ఆసుపత్రి నుంచి తీసుకుపోతుంటే వద్దని ఒక్కమాట ఎందుకు అనలేదు? అనలేడు. నేనున్నచోట ఆయన మాట ఎప్పుడు చెల్లిందని.

వేలూరులో నన్ను చూసింది లేడీ డాక్టరు. తమిళం కలిసిన తెలుగు. ఎస్తేరు కాగితం రెండుసార్లు చదివింది.

"ఈ మాత్ర అందరికీ మంచిదేనమ్మా. కానీ మొదటి రోజుల్లో కొందరికి తిరగబడతాది. పలచన చేసేదానికి ముందే, చర్మం కింద సన్న నాళాల్లో రక్తం గడ్డకట్టిపోతాది. అక్కడి చర్మం, కొవ్వు చచ్చిపోతాయి. ఆ రోజుల్లో కాపలా సూదే. మీకు కాపలా తీసేసి, మాత్ర ఎక్కువ ఇచ్చినారు."

"కాపలా ఉండి ఉంటే వచ్చేది కాదా?"

"కచ్చితంగా చెప్పలేను. చాలా అరుదుగా అయినా వస్తాది. మీకు మాత్రం వచ్చేదానికి అన్ని తలుపులూ తెరిచి పెట్టినారు."

రొమ్ము మొత్తం తీసేయాల్సి రావచ్చు అంది. ఎంతవరకు చస్తుందో తెలిస్తేగానీ కత్తి పెట్టలేమంది. మళ్లీ సూదులు, మాత్ర తిరగబడిన దానికి విరుగుడు. నలుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసింది. రేపు ఈ గీత దాటకపోతే మంచిది.

మర్నాడు దాటింది. కొత్త గీత గీసింది. ఆ మర్నాడు మళ్లీ దాటింది, రెండు వేళ్ల మందం. నేను మంచం మీద పడుకుని ఆ గీతతో మాట్లాడేదాన్ని. ఇంత తీసుకో, ఇక్కడ ఆగు. చేతికి కప్పుకోవడానికి తువ్వాలు లేదు, పట్టుకోవడానికి అవతల వేళ్లు లేవు. నా జీవితంలో మొహం లేనిదాంతో బేరం అదొక్కటే. తిరుపతిలో మా అత్త నన్ను అడగకుండానే నా తలనీలాలు కొండకు మొక్కేసిందని ఉత్తరం వచ్చింది. నాలుగోరోజు ఉదయం డాక్టరు కట్టు విప్పి, చూసి, పెన్ను మూత తీయకుండానే జేబులో పెట్టుకుంది. నలుపు గీత లోపలే ఆగింది.

అప్పుడు ఏడ్చాను. మా ఆయన కూడా.

తరువాత చచ్చిన భాగం తీసేశారు. తొడ మీది చర్మం ఎత్తి అక్కడ అతికారు. రోజూ కట్టు మార్చేటప్పుడు పళ్ల మధ్య గుడ్డ పెట్టుకునేదాన్ని. మా అత్త వచ్చి వరండాలో చాప వేసుకుని ఉండిపోయింది. ఒక్కరోజు కూడా ఎర్రమన్ను ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె మజ్జిగన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టేది, చేతివేళ్ల గోళ్లలో ఇంకా కొంచెం ఎరుపు ఉన్నట్టు నాకు కనపడేది. పొట్ట మీద సూదులు నేనే వేసుకోవడం నర్సులు నేర్పించారు. మూడు నెలలు వేసుకున్నాను, ఒక్కటీ తగ్గించకుండా.

నడవగలిగాక మొదట పోయింది తిరుపతిలోని ఆ డాక్టరు దగ్గరికే. బల్ల మీద కూర్చుని నా వంతు వచ్చేదాకా కాచుకున్నాను.

"మీరే కదమ్మా పోతానని పట్టుబట్టినారు," అన్నాడు.

"నేను అడిగినా సార్. అడిగేది నా పని. పుట్టినప్పటి నుంచి అదే చేస్తా ఉండా. కుమ్మరామె, చదువు లేనిది, రెండోసారి పిలిస్తే నాది కాదు ఈ పని అని రాలేదు. మీరు మాత్రం ఇచ్చేసినారు. నేను మూడు రోజులంటే మూడుకైనా ఇచ్చేవాళ్లు."

"అది సూదులున్నా వచ్చి ఉండొచ్చు."

"రావచ్చు. వచ్చింటే దేవుణ్ణి తిట్టుకోనుందును. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలిసే వచ్చినా."

ఆయన తన మేజా సొరుగులోంచి నోట్లు తీశాడు. ఆ నాలుగు రోజుల డబ్బు వాపసు ఇస్తానన్నాడు. నేను అడగకుండా దిగిన ధర అది. తీసుకోలేదు. ఎస్తేరు సిస్టర్‌ను పిలవండి, చెప్పిపోతా అన్నాను.

"ఆమె ఇప్పుడు ఇక్కడ లేదు."

ఎందుకు లేదో బయట ఆయా చెప్పింది. ఆసుపత్రి గుట్టు బయటపెట్టిందని ఆ వారమే పంపించేశారట. నాయుడుపేటలో ఏదో చిన్న క్లినిక్కులో చేరిందట. తిరిగి లోపలికి పోయి నేను ఏమన్నానో ఇక్కడ రాయను. వరండాలో ఉన్నవాళ్లందరూ విన్నారు. అది చాలు.

చదివేవాళ్లకు ఒకమాట. మాత్ర చెడ్డదని నేను అనడం లేదు. అది లేక పోయినవాళ్లు ఉన్నారు. దాన్ని మీ అంతట మీరు మానేయకండి. కానీ మొదటి వారంలో ఒంటి మీద ఎక్కడ మంట పుట్టినా, ఎంత సిగ్గుపడే చోటైనా, ఆ రోజే చూపించండి. దాని మీద ఏదీ పూయకండి. రోజులు తగ్గించమని డాక్టరును అడగాలనిపిస్తే, ఏం తగ్గుతున్నదో ముందు అడగండి.

ఇక లెక్క. తగ్గించినవి ఆరు రోజులు. పడుకున్నవి యాభై మూడు. పెళ్లిళ్ల సీజను మొత్తం పోయింది, మా ఆయన మెత్తదనం వల్ల కాదు, అంగడి తలుపు మూసినందువల్ల. డాక్టరు వంతు సగానికి ఎక్కువ, అందులో దమ్మిడీ తగ్గించను. నా వంతు, అడిగినందుకు కొంత, మూడు రోజులు దాచినందుకు చాలా. మా అత్త పూసిన మన్ను ఒక రోజు తిన్నది. చాప మీద ఆమె కూర్చున్న రోజులు దానికి చెల్లు. తలనీలాల మొక్కును మూడు కత్తెరలకు ఒప్పించాను. అడిగేది నా పని అని చెప్పాను కదా.

ఎస్తేరును చూడ్డానికి నాయుడుపేట పోయాను. క్యారియర్ గోడకు మేకున వేలాడుతున్నది. జీతం అక్కడ సగమే. నేను ఆమె చేతిలో నాలుగు రూపాయలు పెట్టబోతే వేళ్లు మూసేసింది.

"అది దాని ధరక్కా. ఇచ్చేసినా."

ఆ నాలుగు రూపాయలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఆమె ఉద్యోగం కూడా నేనే ఇవ్వాలి. అది నా దగ్గర లేదు.